బొమ్మ కాగితం వెనకవైపు

జూన్ 4

అత్తా,

నువ్వడిగే వరసలోనే చెప్పేస్తున్నాను: బాగానే ఉన్నాను, వేళకి తింటున్నాను, జలుబు తగ్గింది. నా పెళ్ళికి సంబంధించినదేదీ ఈ ఉత్తరంలో లేదు కాబట్టి అమ్మ ఇక్కడితో లేచి వెళ్ళి తన పని చూసుకోవచ్చు.

ఫోన్ చెయ్యక ఉత్తరమేమిటని నాన్న అడుగుతాడు. మనింట్లో ఫోనంటే హాలు మధ్యలో స్పీకర్ పెట్టుకుని ముగ్గురూ ఒకేసారి మాట్లాడటం. కిందటిసారి నీ గొంతు నాకు "ఆఁ... సరే" అన్నంత మేరకే వినిపించింది. పైగా ఇప్పుడు నాకు నీ నుంచి కావలసింది మాట కాదు, చెక్క మీద అతికించి కొయ్యడానికి గీసిన బొమ్మ. అది ఫొటో తీసి పంపితే కొలత మారిపోతుందని నువ్వే అంటావు.

బీమా ఆఫీసులో నా పని నీకు తెలుసు. జనం నింపిన ఫారాల్లో తప్పులు పట్టుకోవాలి. డిగ్రీ చదివింది ఇందుకా అని రోజూ పదకొండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి అనిపిస్తుంది. మిగతా టైమంతా నిద్రొస్తుంది. అలాంటిది మొన్న ఆఫీసు వెనక వీధిలో నడుస్తుంటే ఒక సెల్లార్‌లోంచి కోసిన చెక్క వాసనొచ్చింది. చిన్నప్పుడు నువ్వు రంపం మెషిన్ తొక్కుతుంటే నీ కాళ్ళ దగ్గర కూచుని పొట్టు పోగేసేదాన్ని చూడు, ఆ వాసన. కాళ్ళు వాటంతటవే మెట్లు దిగాయి.

అది చెక్కపని మీద సరదా ఉన్నవాళ్ళ సంఘం. ఆదివారాలు తెరుస్తారు. బ్యాంకు మేనేజరు, పళ్ళ డాక్టరు, రిటైరైన లెక్కల మాస్టారు, ఇలాంటివాళ్ళు. కానీ ఒక మూల స్క్రోల్ రంపం ఉందత్తా! కరెంటుది. నీ దానిలాగే దారమంత బ్లేడు నిలువుగా పైకీ కిందికీ ఆడుతుంది. నేను దాని దగ్గర నిలబడ్డానో లేదో అధ్యక్షుడుగారు వచ్చారు. చేతిలో స్టీలు కొలబద్ద లేకుండా ఆయన్నెవరూ చూడలేదట. పేరు పెట్టేశాను, కొలబద్ద అని.

"అమ్మాయ్, రంగుల బల్ల అటు," అన్నాడు.

"రంగులకి రాలేదు సార్. కొయ్యడానికొచ్చాను."

"ఆడపిల్లలకి వేళ్ళు ముఖ్యం తల్లీ."

"మగపిల్లలకి అక్కర్లేదా సార్?"

పళ్ళ డాక్టరు నవ్వబోయి దగ్గాడు. కొలబద్ద మాత్రం నవ్వలేదు. ఆగస్టు చివరి ఆదివారం వీళ్ళ ప్రదర్శన ఉంది. రెండు బల్లలు. ఒకదాని మీద 'చెక్కపని' అని బోర్డు, రెండోదాని మీద 'గృహాలంకరణ' అని. మగవాళ్ళు కోసిన పెట్టెలకి ఆడవాళ్ళు పువ్వులు దిద్ది రెండోదాని మీద పెడతారు. చెక్కపని బల్ల ఎక్కాలంటే సొంతంగా కోసిన వస్తువుండాలి, పైగా అందరి ముందూ మెషిన్ దగ్గర కూచుని కోసి చూపించాలి. నేను చెక్కపనికి పేరిచ్చేశాను, నలుగురికీ వినపడేలా. ఇచ్చాక గుర్తొచ్చింది, నేను జన్మలో కోసింది నీ ఒళ్ళో కూచుని ఒక ఏనుగు చెవి.

ఈలోపు మూడు బ్లేడ్లు తెంపాను. మంచి బొమ్మ పంపు. చూసినవాడు నోరు తెరవాలి. ముఖ్యంగా ఒకడు.

నీ
పుల్ల
(ఇంకా లావవలేదు)


జూన్ 13

పుల్లా,

ఉత్తరం అందింది. మీ అమ్మ హాల్లో పైకి చదివింది. పెళ్ళి దగ్గర ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివింది. మీ నాన్న టీవీ గొంతు పెంచాడు.

బ్లేడ్లు తెగడం చెక్క తప్పు కాదు, నీ తొందర తప్పు. బిగించాక వేలితో మీటి చూడు. తీగ పలికినట్టు ఖంగుమనాలి. టప్పుమంటే వదులు, కీచుమంటే ఎక్కువ. పళ్ళు కిందికి చూడాలి. తలకిందులుగా పెడితే చెక్కని ఎత్తెత్తి కొడుతుంది. మెషిన్ బల్ల మీద బ్లేడు దూరే కన్నం పెద్దదైతే చిన్న ముక్కలు అందులో పడిపోతాయి. ఒక పేకముక్కకి సూదంత బెజ్జం పెట్టి దాన్ని బల్ల మీద అంటించు. బొమ్మ కాగితం మీద పార్సిల్ టేపు వెయ్యి, చెక్క కాలదు.

ఇంకొకటి. ప్రతి బ్లేడూ ఒక పక్కకి లాగుతుంది. అది దాని పుట్టుక. దాంతో పోట్లాడకు. చెక్కనే కొంచెం ఏటవాలుగా పట్టుకుని తొయ్యి. గీత మీదే వెళ్తుంది. నీకు ఇది అర్థం కావడానికి టైం పడుతుంది, నువ్వు అన్నిటితోనూ పోట్లాడే రకం.

వేళ్ళ సంగతి. బొమ్మల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు చెక్క అక్షరాలు కోశాను. ఎంతమంది పిల్లలు నా 'అ'ని నోట్లో పెట్టుకున్నారో లెక్కలేదు. పది వేళ్ళూ ఉన్నాయి. మీ కొలబద్దని వచ్చి కొలుచుకోమను.

ఇక్కడ కొత్త సంగతి, మీ నాన్న కారు కొంటున్నాడు. నా వెనక గది గోడ కొట్టేసి షెడ్డు చేస్తాడట. "అక్కా, ఈ ఇనపముద్దని ఇంకెన్నాళ్ళు పెట్టుకుంటావ్? పాత ఇనుము వాడికిచ్చేద్దాం," అన్నాడు. ఫ్యాక్టరీ మూసేసిన రోజు నేను అడిగి తెచ్చుకున్నది ఆ మెషిన్ ఒక్కటే. "చూద్దాం," అన్నాను. ఈ ఇంట్లో నేననే మాటల్లో పెద్దది అదే. నడకకి రాని నా మోకాలు ఆ మెషిన్ తొక్కడానికి మాత్రం ఠంచనుగా వస్తుంది. అది పోతే మోకాలికి కూడా పనుండదు.

నీకు పిట్ట బొమ్మ పంపుతున్నాను. ముప్పావంగుళం చెక్క పలక తీసుకో. ముందు బల్ల సమంగా ఉంచి రెక్కల్లోని ముప్పై ఏడు ఈకలూ కొయ్యి. ఒక్కో ఈకకీ బెజ్జం పెట్టి, బ్లేడు విప్పి దూర్చి, మళ్ళీ బిగించి. ఆ తర్వాత బల్లని మూడు డిగ్రీలు ఎడమకి వంచి పిట్ట చుట్టూ ఒక్క కోత. పిట్ట ఎప్పుడూ బ్లేడుకి కుడిపక్కనే ఉండాలి. అప్పుడు కిందనుంచి తోస్తే పిట్ట పలకలోంచి అరంగుళం పైకి లేచి బిగుసుకుంటుంది. మేకు లేదు, జిగురు లేదు. ఎవడు లాగినా ఊడిరాదు. పని ముగిసేదాకా ఏ ముక్కా పారెయ్యకు, డబ్బాలో వేసుకో.

కాగితాన్ని రెండు వైపులా బాగా చూసుకుని అతికించు. జిగురు తగిలాక మళ్ళీ రాదు. చూసి, జవాబు రాయి.

రంపపత్త


జూన్ 24

అత్తా,

పిట్ట లేవలేదు. దిగింది!

నవ్వకు. ముందు నేను మెషిన్ ఎలా సంపాదించానో విను. సెల్లార్ తాళం తీసే కాపలాదారుడు ఎనిమిదిన్నరకి వస్తాడు. కొలబద్ద వచ్చేది పదింటికి. మొన్న ఆదివారం నేను ఎనిమిదింటికే మెట్ల మీద కూచున్నాను. పదింటికి ఆయనొచ్చేసరికి పదకొండు ఈకలు రాలి ఉన్నాయి. పేకముక్క అంటించి ఉంది. నా చేతులు మెషిన్ మీద ఉన్నాయి.

"ఎవరిచ్చారమ్మా పర్మిషన్?"

"ఎవరూ ఆపలేదు సార్, అందుకని."

"నేనాపుతున్నాను."

"ఈక మధ్యలో ఉంది సార్. ఇప్పుడాపితే బ్లేడు తెగుతుంది. సంఘం బ్లేడు."

ఆయన కొలబద్దతో అరచేతి మీద కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత గంటకోసారి ఇదే నాటకం. సాయంత్రానికి ముప్పై ఏడో ఈక అయింది. వెంటనే బల్ల వంచి చుట్టూ కోసేశాను. సంతోషంలో పిట్ట ఎడమపక్కకి వచ్చిందని చూసుకోలేదు. తోస్తే లేవకుండా లోపలికి దిగిపోయి ఇరుక్కుంది. బావిలోకి తొంగిచూస్తే కనిపించే పిట్టలా ఉంది. కొలబద్ద వచ్చి వంగి చూసి, "ఎగిరిపోయినట్టుందే," అన్నాడు. అతగాడి జీవితంలో అది మొదటి జోకు అయుంటుంది.

కాగితం ఊడదీస్తే పలకంతా ఊదారంగు మరకలు. నీ పెన్సిలేదో దిగినట్టుంది. గరుకు కాగితంతో రుద్దితే పోతుందిలే. రెండు వైపులా చూసుకునే అతికించాను తల్లీ, నేనంత తొందర మనిషినేం కాదు.

నా గది గురించి ఎప్పుడూ రాయలేదు కదూ? మూడో అంతస్తు. తలుపు పూర్తిగా తీస్తే మంచానికి కొట్టుకుంటుంది. మంచం మీంచి చెయ్యి చాపితే స్టవ్వు, కాలు చాపితే కిటికీ. మడిచిన గొడుగులా బతుకుతున్నాను. ఇంకో మనిషొస్తే ఇద్దరం వంతులేసుకుని మెట్ల మీద నిలబడాలి. ఎవరొస్తానన్నా నేను ససేమిరా అనేది అందుకే. కింద ఉండే ఇంటావిడకి నా చెప్పుల చప్పుడే సహించదు.

నీ మెషిన్ గురించి: నాన్నతో "చూద్దాం" కాదు, "కుదరదు" అను. ఒక్క మాట. నేను కొలబద్దతో అనగలిగినప్పుడు నువ్వు నీ తమ్ముడితో అనలేవా?

ఇంకో పిట్ట పంపు. ఈసారి లేపుతాను.

నీ
పుల్ల


జూలై 3

పుల్లకు,

నీ ఉత్తరం చేరింది. గది సంగతి అర్థమైంది.

పిట్ట ఎడమకి రావడానికి కారణం నువ్వు తోక దగ్గర మొదలుపెట్టి ఎదురు దిక్కులో తిరగడం. ముక్కు దగ్గర మొదలుపెట్టు. రెండో కాగితం ఇందులో పెట్టాను.

మీ నాన్నతో మెషిన్ సంగతి తేల్చేశాను. ఇనుము వాడు ఆగస్టు పదో తారీఖున వస్తానన్నాడు. గోడ ఆ మర్నాడు కొడతారు. నా మంచం హాల్లోకి మారుస్తారు. టీవీ ఎదురుగానే, కాబట్టి కాలక్షేపానికి లోటుండదని మీ అమ్మ అంది.

ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు
మీ అత్తయ్య


జూలై 15

అత్తా,

"ఇట్లు మీ అత్తయ్య"నా? నాకెప్పటినుంచి "మీ" అయ్యావు? నా ఆఫీసు ఫారాల మీద ఇంతకంటే ఆప్యాయంగా సంతకాలు పెడతారు జనం.

తేల్చేశానంటే ఏం తేల్చావు? ఇచ్చేస్తానన్నావు, అంతే కదా? ఫ్యాక్టరీలో నీకంటే పొడుగున్న మేస్త్రి "ఆడవాళ్ళు ఇసకకాగితం పనికే" అంటే వాడి మెషిన్ మీద కూచుని మధ్యాహ్నానికల్లా అచ్చులన్నీ కోసి చూపించావని నాకు వందసార్లు చెప్పావు. ఆ కథ నమ్ముకునే కదా నేను ఆ సెల్లార్ మెట్లు దిగింది? అదంతా నిజమేనా, లేక నన్ను నిద్రపుచ్చడానికి చెప్పావా? టీవీ ఎదురుగా మంచం వేస్తామంటే సరేననేదానివి నాకు పోట్లాటలెందుకు నేర్పావు?

రెండో పిట్టని ముట్టుకోలేదు. నీ మెషిన్ ఇనుపకొట్టుకి పోతుంటే నేనిక్కడ పిట్టల్ని లేపుతూ కూచోనా? మొదటి పలకనీ ముక్కల డబ్బానీ మంచం కిందికి తోసేశాను. కొలబద్ద నా పేరుని గృహాలంకరణ జాబితాలోకి మార్చాడు. నేను కొట్టేశాను. ఆయన మళ్ళీ రాశాడు. నేను మళ్ళీ కొట్టేశాను. ఇప్పుడు ఆ చోట కాగితానికి చిల్లు పడింది. నేను పోట్లాడుతూనే ఉన్నాను. నువ్వెందుకు మానేశావో చెప్పు.

పుల్ల


జూలై 24

పుల్లా,

ఈ ఉత్తరం మీ అమ్మ చదవలేదు, మీ నాన్న అతికించలేదు. వీధి చివర డబ్బా దాకా నేనే నడిచి వేస్తున్నాను. మోకాలు రేపంతా తిడుతుంది, తిట్టనీ.

నన్ను పిరికిదానివన్నావు. సరే. కానీ నేను అడగలేదా? ఈ యాభై తొమ్మిదేళ్ళలో ఒక మనిషిని నాకోసం ఒకటి అడగడం అదే మొదలు. నువ్వు చోటు లేదన్నావు. మెట్ల మీద నిలబడాలన్నావు. ససేమిరా అన్నావు. తప్పులేదు. నీ గది, నీ వయసు. ఒప్పుకోకపోతే ఇంకెప్పుడూ ఆ ఊసెత్తనని నేనే రాశాను, ఎత్తలేదు. కానీ కాదన్న నోటితోనే మళ్ళీ నాకు ధైర్యం నేర్పకు. అది మాత్రం ఓర్చుకోలేను.

రెండు వైపులా చూసే అతికించానని నువ్వే రాశావు. నేను రాసింది నీకు మరకలా కనిపించింది. రుద్దితే పోతుందన్నావు. రుద్దేసుకో.

మేస్త్రి కథ నిజమే. అచ్చులన్నీ కాదు. 'ఌ' దగ్గర బ్లేడు తెగింది.

అత్త


జూలై 31

అత్తా,

నాన్నా, ఈ ఉత్తరం నువ్వే విప్పుతున్నావని తెలుసు. విప్పు. అమ్మా, పైకే చదువు. ఇందులో దాచేదేం లేదు. కానీ చదివాక అత్త చేతికివ్వండి.

నీ ఉత్తరం సోమవారం అందింది. మూడుసార్లు చదివినా అర్థం కాలేదు. నువ్వడిగిందేమిటి, నేను కాదన్నదేమిటి? "మరక" దగ్గర ఆగాను. మంచం కిందనుంచి పలక లాగాను. కిటికీ దగ్గర పట్టుకుంటే ఊదారంగు మరకల్లో కొమ్ములూ దీర్ఘాలూ కనిపించాయి. తలకట్లు ఎడమకి తిరిగి ఉన్నాయి.

ఫోన్ చేశాను. నాన్న ఎత్తి స్పీకర్ పెట్టాడు. నీళ్ళు నమిలి, "వానలెలా ఉన్నాయి" అని అడిగి పెట్టేశాను. కొలబద్ద ముందు పేలే నోరు అప్పుడెక్కడికి పోయిందో.

మంగళవారం సెలవు పెట్టాను. పలక నేల మీద పెట్టి, పిట్టని అందులో ఇరికించి, డబ్బా బోర్లించాను. ముప్పై ఏడు ఈకలు. అన్నీ ఒకలాగే ఉంటాయనుకుంటాం, ఏ ఒక్కటీ ఇంకోదాని చోట్లో పట్టదు. నువ్వు పారెయ్యొద్దనబట్టి ఉన్నాయి. పొద్దున తొమ్మిదికి కూచుంటే చివరి ఈక దాని గూట్లోకి వెళ్ళేసరికి ఒంటిగంట. అప్పుడు గోడకున్న అద్దం దించి పలక పక్కన నిలబెట్టాను. చదివాను. ఇక్కడ రాస్తున్నాను, నేను నిజంగా చదివానని నువ్వు నమ్మాలి కాబట్టి:

"పుల్లా, బొమ్మ కాగితాలు వీళ్ళు తిప్పి చూడరు, అందుకని ఇక్కడ రాస్తున్నా. మెషిన్ పోతే ఈ ఇంట్లో నేను ఒక మంచం, ఒక కంచం. నీ గదిలో మెషిన్‌కి నాలుగడుగులు, నాకు ఆరడుగులు చోటు చూడగలవా? నా చేతుల్లో ఇంకా పనుంది, నీకు బరువు కాను. చోటుంటే ఉందని రాయి. లేకపోతే ఏమీ రాయకు. నేనింకెప్పుడూ అడగను, నీ మీద కోపమూ పెట్టుకోను."

"కోపమూ" ఒక ఈక మీద, "పెట్టుకోను" ఇంకో ఈక మీద ఉన్నాయి. మధ్యలో బెజ్జం పెట్టింది నేనే.

అత్తా, నేను తిప్పి చూశాను. అది అబద్ధం కాదు. వెనక సన్నగా ఏదో రాసి ఉండటం కూడా చూశాను. నీ కాగితాల వెనక ఎప్పుడూ ఉంటాయి కదా ఫ్యాక్టరీ లెక్కలు, ఎన్ని 'క'లు, ఎన్ని 'గ'లు అని. అవేననుకున్నాను. చదవలేదు. చదవకుండానే "చూశాను" అని గొప్పగా రాశాను. అబద్ధం అక్కడుంది. ఫారాల్లో తప్పులు పట్టడానికి నాకు జీతమిస్తున్నారు. మా అత్త రాసింది చదవకుండా జిగురు పూశాను. ఆ పెన్సిలు తడి తగిలితేనే రంగు తేలే రకమని, నా జిగురే నీ మాటని చెక్కలోకి దింపిందని ఇప్పుడర్థమైంది.

చోటుంది.

మంగళవారం సాయంత్రమే ఇంటావిడ దగ్గరికి దిగాను.

"మా అత్తయ్య వస్తోందండీ. ఉండటానికి."

"ఎన్నాళ్ళు?"

"ఉండటానికండీ."

"ఒక రంపం కూడా వస్తోంది," అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసింది. "చప్పుడు?" అంది. కరెంటుది కాదు, కాలితో తొక్కేది, కుట్టుమెషిన్ కంటే నెమ్మది అన్నాను. "దుమ్ము?" మూడంతస్తుల మెట్లూ నేనే ఊడుస్తానన్నాను. తన పూజగది తలుపు పైన జాలీ విరిగి నాలుగేళ్ళయిందనీ, అలాంటిది కొయ్యడం మీ అత్తయ్యకి వచ్చా అనీ అడిగింది. వచ్చని నీ తరఫున నేనే చెప్పేశాను. కోపమొస్తే వచ్చి తిట్టు.

మంచం కాపలాదారుడికిచ్చేశాను. ఇప్పుడు తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది. కిటికీ కింద నాలుగడుగుల రెండంగుళాలు. సుద్దముక్కతో నేల మీద గీశాను. మిగతాది మనిద్దరిదీ. పరుపులు రెండూ పగలు చుట్టి మూల నిలబెడదాం.

నాన్నా, నీ కారు నీ ఇష్టం. కానీ అత్త మెషిన్ పాత ఇనుము కాదు, అత్త నీ ఇంట్లో పాత సామానూ కాదు. ఇది నేను నీకు ఎదురు చెప్పడమే. సరిగ్గానే చదివావు.

నిన్న కాపలాదారుణ్ణి బతిమాలి సెల్లార్ తీయించి రెండో పిట్టని కోశాను. కాగితం రెండు వైపులా చదివాను. ఈసారి వెనక ఏమీ లేదు, అదే భయమేసింది. బ్లేడు ఒక పక్కకి లాగుతుంటే పోట్లాడలేదు, చెక్కనే వాటంగా పట్టుకున్నాను. ముక్కు దగ్గర మొదలుపెట్టి కుడిపక్కనే ఉంచుకుని చుట్టూ వచ్చాను. బొటనవేళ్ళతో కిందనుంచి తోశాను.

పిట్ట లేచింది.

ప్రదర్శనలో రెండూ పెడతాను, లేచినదాన్నీ దిగినదాన్నీ. దిగినదాన్ని రుద్దను. మరక ఉన్నది చెక్కపని బల్లకి పనికిరాదని కొలబద్ద అంటాడు. అననీ. పదో తారీఖు లోపల ఇది నీకు చేరాలని డబుల్ స్టాంపులు అంటించాను. నువ్వు రానంటే నేనే వచ్చి మెషిన్‌నీ నిన్నూ ఎత్తుకొస్తాను. పుల్లనే, కానీ టేకుపుల్లని.

నీ
పుల్ల


ఆగస్టు 11

పుల్లా,

నీ ఉత్తరం తొమ్మిదో తారీఖున వచ్చింది. మీ అమ్మ పైకి చదవడం మొదలుపెట్టింది. "మంచం, కంచం" దగ్గర ఉత్తరం నా చేతికిచ్చేసింది. మిగతాది నేనే చదివాను. మీ నాన్న టీవీ కట్టేశాడు.

"నేనేం తక్కువ చేశానక్కా?" అన్నాడు.

"ఏమీ తక్కువ చెయ్యలేదురా. నన్నడగలేదు, అంతే," అన్నాను.

రాత్రంతా ఆలోచించుకుంటాడులే అనుకున్నాను. పొద్దున్నే ఇనుము వాడు తక్కెడ కొక్కెం భుజాన వేసుకుని దిగాడు. రావొద్దని వాడికి ఎవరూ చెప్పలేదు. నేను మెషిన్ దగ్గర పీట వేసుకుని కూచున్నాను. ఇంటావిడ జాలీకి కొలతలు రాలేదుగానీ నమూనా ముక్క ఒకటి కోసి చూద్దామని.

"లేవక్కా, వాడొచ్చాడు," అన్నాడు మీ నాన్న.

"కోత మధ్యలో ఉంది. బ్లేడు తెగుతుంది," అన్నాను. అది నీ దగ్గరే నేర్చుకున్నా.

"అక్కా!"

"కుదరదు," అన్నాను. నువ్వన్నట్టే, ఒక్క మాట. అనడం ఏమంత కష్టం కాదే పుల్లా, యాభై తొమ్మిదేళ్ళు అనకుండా ఉండటమే కష్టం. అప్పటికీ ఇనుము వాడు తక్కెడ సర్దుతుంటే, "నన్నూ కలిపి తూచుకో అబ్బాయ్, నేను లేవను," అన్నాను. వాడు మీ నాన్నని చూశాడు, నన్ను చూశాడు, తక్కెడ కింద పెట్టేశాడు. "ఇది నడిచే మెషినమ్మా. నడిచేదాన్ని నేను కొనను," అన్నాడు. వాడిలోనూ ఒక పనివాడున్నాడు.

ఆ తర్వాత వాడే స్పానర్ తెప్పించాడు. నాలుగు బోల్టులు విప్పితే మూడు ముక్కలు. నీ మూడంతస్తులూ ఎక్కుతుంది. వాడి బండి మీదే లారీ ఆఫీసుకి వెళ్ళింది. మీ నాన్న చూస్తూ నిలబడి నిలబడి, చివరికి తొక్కుడుపలక పట్టుకుని మోశాడు. మోస్తూనే, "ఈ వయసులో ఎక్కడికక్కా," అన్నాడు. "పనిలోకి తమ్ముడూ," అన్నాను.

మీ అమ్మ నా బట్టలు సర్దుతూ చీరల మడతల్లో ఏదో కుక్కింది. చూస్తే నువ్వు చిన్నప్పుడు కోసిన ఏనుగు చెవి. ఇన్నేళ్ళూ తనే దాచిందట.

మెషిన్ పందొమ్మిదిన చేరుతుంది, నేను ఇరవైన. సుద్దగీత చెరపకు. కొలబద్దకి చెప్పు, చెక్కపని జాబితాలో నీ పేరు కింద ఇంకో పేరు రాయాలని. రాయనంటే కాగితానికి రెండో చిల్లు నేను పెడతాను. 'ఌ' ఈసారి తెగకుండా కొయ్యాలి, ఆయన కళ్ళముందే.

ఈ ఉత్తరాన్ని హాల్లో అందరికీ నేనే చదివి వినిపించి కవర్లో పెడుతున్నాను. ఇందులో ఉన్నదంతా ఈ వైపే ఉంది. వెనక ఖాళీ. దాని మీద పూజగది జాలీకి బొమ్మ గియ్యడం మొదలుపెట్టు, వచ్చి సరిదిద్దుతా.

రంపపత్త